‘దాసుడు’, ‘బాంచన్’: మార్కు 10:35-45ను బోధించే విధానంపై ఒక విమర్శ

నిజమైన గొప్పతనం తగ్గింపులోను పరిచర్యలోను ఉన్నదని మన సంఘాలలో తరచుగా బోధిస్తాము. అందుకు ఎక్కువగా తీసుకునే వాక్యభాగం మార్కు 10:35-45. ఈ బోధ సత్యమే. అయితే దానిని ఎవరికి, ఏ ఉద్దేశంతో వినిపిస్తున్నామన్నది ఈ వ్యాసంలో మనం పరిశీలించవలసిన ప్రశ్న.

త్రిపురారం, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో, అంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది పల్లెలలో, ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలో అనేకులు వారమంతా పరుల పొలాలలో నాట్లు వేసి, కలుపు తీసి వచ్చినవారు. వారు చాపల మీద కూర్చుంటారు. బోధకుడు ఎత్తైన వేదిక మీద నిలిచి, “తగ్గించుకొనండి, అందరికీ దాసులు కండి” అని వారికి చెబుతాడు. ఇందులో ఒక పొరపాటు ఉన్నదని మేము భావిస్తున్నాము.

1. యేసు ఎవరితో మాట్లాడెను?

యేసు ఈ మాటలను జనసమూహంతో చెప్పలేదు. మహిమలో కుడి ఎడమల ఆసనాలు కోరిన యాకోబు యోహానులతోను, వారిపై కోపపడిన తక్కిన పదిమందితోను చెప్పెను. రేపు సంఘాన్ని నడిపించవలసినవారు వీరే. అన్యజనుల అధికారులు ప్రభుత్వం చేసే తీరును చూపి, మీలో అలా ఉండకూడదని ఆయన హెచ్చరించింది నాయకులను.

వెంటనే వచ్చే బర్తిమయి వృత్తాంతాన్ని (10:46-52) దీనితో కలిపి చదవాలి. “నేను మీకేమి చేయాలి?” అన్న భావంగల ప్రశ్ననే యేసు ఆ ఇద్దరు శిష్యులనూ అడుగుతాడు, ఈ గ్రుడ్డి భిక్షకునీ అడుగుతాడు. ఆసనం కోరినవారికి దాసత్వాన్ని బోధించెను. దారిప్రక్కన కూర్చున్నవానికి మాత్రం తగ్గింపును గూర్చి ఒక్క మాటైనా చెప్పలేదు. ఊరకుండుమని వానిని గద్దించినది జనసమూహం. యేసు నిలిచి, వానిని పిలిపించి, చూపునిచ్చెను. యాకోబు పత్రిక 1:9-10లో కూడా ఇదే క్రమం కనిపిస్తుంది: దీనుడు తన హెచ్చింపును బట్టి, ధనవంతుడు తన తగ్గింపును బట్టి అతిశయించాలి. సువార్త ఒక్కటే, కాని వినేవాని స్థితిని బట్టి అది వానిని కదిలించే దిక్కు వేరు.

2. మన నేలలో ‘దాసుడు’ అను మాట

గ్రీకు మూలంలో ఇక్కడ రెండు పదాలున్నాయి: డయాకొనోస్, డూలోస్. మన బైబిలు రెండవదానిని ‘దాసుడు’ అని అనువదించింది. తెలంగాణ పల్లెలో ఆ మాటకు అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కరలేదు. “బాంచన్ దొరా, కాల్మొక్తా” అనవలసివచ్చిన తరాల మనుమలే నేడు మన సంఘ సభ్యులు. నిజాం పాలనలో దేశ్‌ముఖుల గ్రామాలలో మాల మాదిగలు, ఇతర శ్రామిక కులాలవారు కూలి లేకుండా వెట్టి చేశారు. చెప్పులు కుట్టి ఇచ్చారు, మూటలు మోశారు, కబుర్లు చేరవేశారు. 1946-51 మధ్య సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ముఖ్య కారణాలలో వెట్టి ఒకటి. సూర్యాపేట, హుజూర్‌నగర్ ప్రాంతాలు ఆ పోరాట కేంద్రాలలో లెక్కింపబడినవి. ఆ తరువాత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది.

వెట్టికీ పరిచర్యకూ బయటి రూపం ఒకటిగా కనిపించవచ్చు. రెండింటిలోనూ ఒకడు వంగుతాడు. కాని వెట్టిలో వంగేవానికి కాదనే స్వేచ్ఛ లేదు. యోహాను 13లో యేసు, తండ్రి సమస్తమును తన చేతికి అప్పగించెనని ఎరిగియే లేచి, తువాలు కట్టుకొనెను. దొర గడపలో బలహీనుడు బలవంతుని కాళ్లు మొక్కెను. మేడగదిలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగెను. ఈ భేదాన్ని చెప్పకుండా దాసత్వాన్ని బోధిస్తే, శ్రోతకు క్రీస్తు స్వరం కాక దొర స్వరమే వినబడే ప్రమాదం ఉన్నది.

3. దోర్నకల్ సాక్ష్యం

మరొక వైపు కూడా చూడాలి. పైనుండి చేసే సేవ అంతా క్రీస్తు పరిచర్య కాదు. వి. ఎస్. అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకొని, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌లో మిషనరీగా పనిచేశారు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడుతూ, పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని ఒప్పుకొంటూనే, మాకు స్నేహితులను కూడా ఇవ్వండని కోరారు. కరచాలనం, కుర్చీ, విందు అనేవాటిని మర్యాద కొరకు కాక స్నేహానికి గుర్తులుగా ఆయన అడిగారు. ఆ మాట సభలో కొందరిని నొప్పించింది. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. 1945 జనవరి 1న మరణించేవరకు, అధిక సంఖ్యలో మాల మాదిగలైన గ్రామ సంఘాల మధ్యనే పరిచర్య చేశారు.

ఇక్కడ మనం నేర్చుకోవలసినది ఇది: ఇచ్చేవాడు కుర్చీలోను, పుచ్చుకొనేవాడు నేల మీదను ఉన్నంతకాలం అది ఉపకారమే అవుతుంది. యేసు పాదాలు కడిగిన ఆ రాత్రియే శిష్యులను స్నేహితులని పిలిచెను (యోహాను 15:15). పరిచర్య గమ్యం స్నేహం.

4. ఒక అభ్యంతరం

తగ్గింపు విశ్వాసులందరికీ ఆజ్ఞ కాదా అని అడుగవచ్చు. నిశ్చయముగా అవును. 1 పేతురు 5:5 అందరినీ దీనమనస్సు ధరించుకొమ్మంటుంది. అయితే దానికి ముందు, 5:3లో, మందపై ప్రభువులైనట్టుండవద్దని పెద్దలకు ఆజ్ఞ ఉన్నది. ఆ వరుసను మనం తారుమారు చేయకూడదు. కూలి స్త్రీకి కూడా అహంకారం ఉండవచ్చు, ఆమెకూ క్షమాపణ అవసరం. కాని ఆమె మౌనాన్ని తగ్గింపు అనీ, న్యాయమైన కూలి అడగడాన్ని గర్వం అనీ పిలిచే అధికారం మనకు లేదు.

ముగింపు

సేవకులమైన మనం ఈ వాక్యాన్ని ముందుగా మనకే బోధించుకోవాలి. ప్రేమవిందులో ఎవరు మొదట తింటున్నారు? సంఘపు లెక్కలు అడిగిన సహోదరునికి జవాబిస్తున్నామా, లేక తగ్గింపును గూర్చి ప్రసంగిస్తున్నామా? సంఘ పెద్దలలో స్త్రీలకు, కూలీలకు చోటున్నదా? మన పేరుకు ముందు చేర్చుకునే బిరుదులు ఎందుకు? ‘దైవజనుడు’ అని పిలిపించుకోవడం సులభం. బర్తిమయి కేక విని ఆగడం కష్టం. ఆసనం ఉన్నవాడు దిగాలి, దారిప్రక్కనున్నవాడు లేవాలి. ఇద్దరూ ఒకే బల్లయొద్ద ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, యేసు చెప్పిన గొప్పతనం ఏమిటో త్రిపురారం పల్లెలకు ప్రసంగం లేకుండానే అర్థమవుతుంది.