రెండో ఆల్బం అసలు పరీక్ష

ఇంట్లో ఒక్కరే కూర్చుని, వాద్యాలన్నీ తామే వాయించుకుని ఆల్బం చేసేవాళ్లకు ట్యూనే పెట్టుబడి. వయొలిన్ల వరుసలు, పెద్ద హాలు, పేరున్న గాయకులు లేనప్పుడు శ్రోతను మూడు నిమిషాలు కూర్చోబెట్టగలిగేది పల్లవి ఒక్కటే. ఇలా ఇంటి గదుల్లో పనిచేసే సంగీతకారుల్లో చాలామంది ఒకటి రెండు తరాల వెనకటి పాటల వైపు మళ్లడానికి కారణం ఇదే. దాన్ని పాతమీద మోజని కొట్టిపారేయడం అన్యాయం. తక్కువ సాధనాలతో పాటను నిలబెట్టే పనితనం ఆ పాటల్లో ఉంది, దానికోసమే వెళ్తున్నారు.

1970లో పాల్ మెకార్ట్నీ తన తొలి సొంత ఆల్బంలో చాలా భాగాన్ని లండన్‌లోని ఇంట్లోనే, నాలుగు ట్రాకుల టేపు యంత్రానికి మైకు నేరుగా తగిలించి రికార్డు చేశాడు. అదే ఏడాది కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో ఎమిట్ రోడ్స్ అనే ఇరవై ఏళ్ల యువకుడు తల్లిదండ్రుల ఇంటి వెనక షెడ్డులో పియానో, గిటార్, బేస్, డ్రమ్స్ అన్నీ తానే వాయించి ఆల్బం తెచ్చాడు. అది బిల్‌బోర్డ్ పట్టికలో 29వ స్థానం దాకా వెళ్లింది. ఆ కాలపు పద్ధతి తెలిస్తే ఆ పాటలు అంత పొందికగా ఎందుకున్నాయో అర్థమవుతుంది. నాలుగు ట్రాకుల్లో మూడు నిండాక, వాటిని కలిపి నాలుగోదాంట్లోకి దించితే మళ్లీ మూడు ఖాళీ అవుతాయి. కానీ ఒకసారి కలిపేశాక డ్రమ్స్ తగ్గించాలన్నా గిటార్ పెంచాలన్నా వీలుండదు. దించిన ప్రతిసారీ టేపు బుస కూడా పెరుగుతుంది. అందుకని ఏ వాద్యం ఎక్కడ పలకాలో, ఎక్కడ ఊరుకోవాలో రికార్డింగుకు ముందే తేల్చుకునేవారు. బేస్ గిటార్ లయకు కాపలా కాస్తూ కూర్చోకుండా గొంతుకు జోడుగా రెండో వరుస నడిపేది. అదే చరణాన్ని అదే గొంతుతో రెండుసార్లు పాడి ఒకదానిమీద ఒకటి వేస్తే, రెండింటికీ ఉన్న వెంట్రుకవాసి తేడా వల్ల గొంతుకు నిండుదనం వచ్చేది.

రోడ్స్ రెండో ఆల్బం 'మిర్రర్' 1971లో వచ్చింది. మొదటిదానికి దాదాపు ఏడాది పట్టింది. రికార్డు కంపెనీ ఒప్పందం మాత్రం ఆరు నెలలకో ఆల్బం అడిగింది. గడువులు తప్పాయి, కంపెనీ దావా వేసింది, 1973లో మూడో ఆల్బం తర్వాత ఆయన తన పేరుతో మళ్లీ కొత్త ఆల్బం తెచ్చింది 2016లోనే. తొలి ఆల్బంలో అన్నేళ్లుగా మనసులో ఊరిన పాటలుంటాయి. రెండోదాంట్లో కళాకారుడి అలవాటు, ఓపిక, ఎంపిక తేలతాయి. ఇంటి రికార్డింగులో గడియారం మీద అద్దె పడదన్నదే పెద్ద వరం. ఆ వరాన్ని లాగేసుకుంటే ఈ పద్ధతికి మిగిలేది ఒంటరి చాకిరీ.

తక్కువ సాధనాలతో పాటను నిలబెట్టడం మనకు పరాయి విద్యేమీ కాదు. సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు సినిమాల్లో సంగీత దర్శకుడిగా స్థిరపడకముందే, ఆర్.బాలసరస్వతీదేవితో కలిసీ విడిగానూ పాడిన ప్రైవేటు గీతాలతో తెలుగిళ్లలోకి వచ్చారు. ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. టేపు ఇంకా రాలేదు గనక గాయకులు, వాద్యకారులు ఒకేసారి పాడి వాయించాలి, తప్పు జరిగితే మొదటికి రావాలి. అంత ఇరుకులో పల్లవి త్వరగా రావాలి, బిట్లు పొట్టిగా ఉండాలి, మాట స్పష్టంగా వినపడాలి. రాగం ఛాయ చెడకుండా గమకాల బరువు తగ్గించి, విన్నవాళ్లెవరైనా కూనిరాగం తీసుకునేలా వరుస కట్టారు. 1951 నాటి 'మల్లీశ్వరి'లో మనం మెచ్చుకునే పొదుపుకు ఆ గ్రామఫోను రికార్డులే బడి అని నా నమ్మకం. 1963లో విశాఖకు ఆకాశవాణి వచ్చాక లలిత సంగీతానికి ఈ తీరంలోనే ఒక నెలవు కూడా దొరికింది.

ఇప్పుడు విశాఖలో ల్యాప్‌టాప్, ఒక మైకు, సౌండ్ కార్డు ఉన్నవాళ్లకు ట్రాకుల కరువు లేదు. వేరే ఇబ్బందులున్నాయి. నౌకాదళ విమానాలు, ఓడల కూతలు, గూడ్సు రైళ్లు. ఉప్పుగాలికి తుప్పు పట్టే గిటారు తీగలు. ఉక్కపోత ఎంతున్నా పాడేటప్పుడు ఫ్యాను కట్టెయ్యాల్సిందే. గోడలకు బొంతలు వేలాడదీస్తే గది ప్రతిధ్వని తగ్గుతుంది, రాత్రి పొద్దుపోయాక పాడితే వీధి చప్పుడూ తగ్గుతుంది. వీటికి ఉపాయాలున్నాయి. వంద ట్రాకులు చేతిలో ఉన్నప్పుడు ఎనిమిదితో ఆగడమే కష్టం. పాత పాటలనుంచి తెచ్చుకోవాల్సింది ఆ నిగ్రహాన్ని. రికార్డు గీతల చిటపటను కంప్యూటరులో కలిపినంత మాత్రాన పాటకు పాతదనం రాదు.

మెలోడీ కావాలంటే సినిమా పాటలు చాలవా అంటారు. సినిమా పాట ఎంత గొప్పదైనా సన్నివేశానికీ పాత్రకూ కట్టుబడి పుడుతుంది. షిఫ్టు ముగించుకుని గాజువాక బస్సెక్కే ఉక్కు కార్మికుడి అలసటకు కథలో చోటుంటేనే అందులో పాట. సొంత ఆల్బానికి ఆ అనుమతి అక్కర్లేదు. ఒక్కరే చేసిన పనిలో ఎదురుచెప్పేవారు ఉండరన్న ఆక్షేపణ మాత్రం బలమైనదే. మెకార్ట్నీ కూడా 1971లో తన రెండో ఆల్బం 'రామ్'ను భార్య లిండాతో, ఇతర వాద్యకారులతో కలిసి స్టూడియోల్లో చేశాడు. దానర్థం ఇంటి పద్ధతి ఓడిపోయిందని కాదు. ఒక పాటకు వయొలిన్ కావాలనిపిస్తే ద్వారం వెంకటస్వామి నాయుడు పాఠం చెప్పిన విజయనగరం దగ్గర్లోనే ఉంది. తెలిసిన ఒక్క చేతిని పిలిస్తే చాలు.

రెండో ఆల్బానికి సిద్ధమవుతున్న మిత్రులకు ఒక మనవి. ప్రతి పాటనూ ముందు ఒక్క హార్మోనియం మీద, లేదా ఒక్క గిటారు మీద, పూర్తిగా పాడి ఇంట్లోవాళ్లకు వినిపించండి. అక్కడ నిలవని పాటకు మైకు పెట్టకండి.