పురిటి గది దాటని విమర్శ: బాలెంత దిగులు, సిద్దిపేట పదజాలం

తెలుగు స్త్రీవాద కవిత్వం ప్రసవవేదనకు సాహిత్య గౌరవం కల్పించింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. పురుడు ముగిశాక తల్లి మనసును ఆవరించే కుంగుబాటుపై మాత్రం మన విమర్శ తగినంత దృష్టి పెట్టలేదు. కారణం కొంత భాషలోనే ఉంది.

సిద్దిపేట ప్రాంతంలో ‘బాలెంత’ అనే మాట చుట్టూ పథ్యం, చెవుల్లో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి పొగ వంటి పదజాలం అల్లుకొని ఉంది. అన్నీ దేహానికి సంబంధించినవే. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ కూడా తల్లికి చీరలు, బిడ్డకు సబ్బు, నూనె, దోమతెర అందించింది. ఆ జాబితానూ ఒక పాఠంగా చదవవచ్చు.

బాలెంత ఊరకే ఏడిస్తే ‘దిష్టి’ అనో, ‘గాలి సోకింది’ అనో అంటారు. వీటిని మూఢనమ్మకాలుగా కొట్టివేయడం తొందరపాటు. తల్లిని నిందించకుండా బాధను బయటి శక్తికి ఆపాదించే దయ వాటిలో ఉంది. అయితే ఆ దయే చికిత్సను వాయిదా వేస్తుంది. రెండు వారాలు దాటినా తగ్గని దిగులుకు వైద్యసలహా అవసరం. కౌన్సెలింగుతో పాటు, పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులూ ఉన్నాయి.

1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళి గత 7 రోజుల మనఃస్థితిని 10 ప్రశ్నలతో పరిశీలిస్తుంది. అందులోని ఆత్మనిందను ‘అపరాధభావం’గా తెలిగిస్తే సంభాషణ అక్కడే తెగుతుంది. ‘అన్నిటికీ నాదే తప్పనిపిస్తుందా?’ అంటే అర్థమవుతుంది. కానీ అత్త ఎదుట అడిగితే ఒక జవాబు, తల్లిగారింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే మరొకటి రావచ్చు.