ఆసు మీద అర్ధవృత్తం

ఒక కొసన ఒంటి మేకు. దానికెదురుగా అర్ధవృత్తంలో వరుసగా నాటిన పుల్లలు. పోచంపల్లి, పుట్టపాక వైపు పేక (అడ్డపోగు) దారాన్ని చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా ముడులు వేసే ముందు, పోసుకునే చట్రం ఇది. దీన్ని ఆసు అంటారు. చూడ్డానికి విప్పిన విసనకర్రలా ఉంటుంది. ప్రైమరీ టీచరుకు జ్యామితి మీద చూపు నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి పరికరం నాకింతవరకు కనబడలేదు. ఎందుకో చెప్పాలంటే దారం నడిచే దారిని ఓపిగ్గా చూడాలి.

దారం ఒంటి మేకు దగ్గర బయల్దేరుతుంది. ఎదుటి పుల్లదాకా వెళ్లి, దాన్ని చుట్టి, మళ్లీ మేకు దగ్గరికొస్తుంది. అలాగే మళ్లీ మళ్లీ వెళ్లి వస్తూ, ఒక్కో పుల్లా దాటుకుంటూ అర్ధవృత్తమంతా నిండుతుంది. మేకు నుంచి ఏ పుల్లకైనా దూరం ఒక్కటే. వృత్త కేంద్రం నుంచి పరిధికి గీసిన వ్యాసార్థాలన్నీ సమానమని మనం బోర్డు మీద రాసి పిల్లలతో వల్లె వేయించే వాక్యం ఇక్కడ పనిచేస్తూ కనబడుతుంది. ఆ దూరాన్ని నేతగాళ్లు బట్ట పన్నాకు సరిపోయేలా పెట్టుకుంటారు. ఇందులోనే అసలు తెలివంతా ఉంది.

దీన్ని చిన్నది చేసి చూద్దాం. ఒక చెక్క మీద మేకు కొట్టండి. దానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఆరేడు మేకులు వంపుగా కొట్టండి. వంపు గీయడానికి కంపాస్ అక్కర్లేదు, మేకుకు కట్టిన దారం, దాని కొసన సుద్దముక్క చాలు. ఇప్పుడు దారం పోసి, కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో ప్రతి పోగు మీదా స్కెచ్‌పెన్‌తో చుక్క పెట్టండి. దారం విప్పకముందే టీచర్లను అడగండి: విప్పి సాగదీస్తే చుక్కలు ఎంతెంత ఎడంలో ఉంటాయి?

ఎక్కువమంది తడుముకోకుండా చెప్పేది సమాన దూరంలో ఉంటాయని. విప్పి చూస్తే చుక్కలు 10, 70, 90, 150, 170 దగ్గర ఉంటాయి. ఎడం 60, తర్వాత 20, మళ్లీ 60, మళ్లీ 20. దారం మేకు దగ్గర మడత పడింది కాబట్టి చుక్క అద్దంలో ప్రతిబింబంలా రెండోవైపు తేలింది. ఎడాలన్నీ సమానంగా రావాలంటే చుక్క ఎక్కడ పెట్టాలి? సరిగ్గా సగంలో, 20 దగ్గర. ఈ సంగతి ఎవరూ చెప్పకుండా తమంతట తాము పట్టుకున్న టీచరు సౌష్ఠవాన్ని ఇక నిర్వచనంతో మొదలుపెట్టరు.

ఇంకొక్క అడుగు ఉంది. 60, 20 ఎడాలతో చిందరగా కనిపిస్తున్న ఆ దారాన్నే 40 సెంటీమీటర్ల వెడల్పులో అటూ ఇటూ మడుస్తూ వరుసలుగా పరవండి. చుక్కలన్నీ ఒకదాని కింద ఒకటి, అంచుకు 10 సెంటీమీటర్ల దూరంలో నిట్టనిలువు గీతగా నిలబడతాయి! మగ్గం మీద నాడె చేసేది ఇదే. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పేకను వేస్తుంది. ఆసు మీద దారం పడ్డ మడతలూ మగ్గం మీద పడబోయే మడతలూ ఒక్కటే. అందుకే ముడి కట్టి రంగులో ముంచినప్పుడు పడిన మరక, కండెకెక్కి, నాడెలో దూరి, చీరలో తన చోటు తాను వెతుక్కుంటుంది. అదే పుల్లల్ని వంపుగా కాకుండా తిన్నని వరుసలో నాటి చూడండి. పక్కలకు పోయే పోగులు పొడవవుతాయి, గీత ఒరిగిపోతుంది. వృత్తం ఎందుకు కావాల్సొచ్చిందో అప్పుడు అడగక్కర్లేదు.

ఆసు మీద చేతి కదలికను లోతుగా చదివిన మనిషి మన దగ్గరే ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. ఒక్క చీరకు తల్లి లక్ష్మి చెయ్యి దాదాపు 9,000 సార్లు వెళ్లి రావాలి, భుజాలు పడిపోయేవి. ఆ శ్రమ తప్పించాలని 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. చిన్నప్పుడే బడి మానిన ఆయన చేతి పనిని విడదీసి చూడాల్సొచ్చింది. కేంద్రానికి, వంపుకు మధ్య రాకపోకలు ఒకటి, పుల్లను చుట్టడం ఒకటి, పక్క పుల్లకు జరగడం ఒకటి. కంటికి ఒక్కటిగా కనిపించే కదలికలో మూడు కదలికలను చూడగలగడమే స్థలజ్ఞానం. తల్లి పేరు పెట్టిన ఆ యంత్రానికి 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

పోచంపల్లి ఉన్న ఉమ్మడి నల్గొండది వృత్తమైతే, గద్వాల ఉన్న ఉమ్మడి పాలమూరుది త్రిభుజం. గద్వాల చీరలో నూలు ఒంటికీ పట్టు అంచుకీ పేకలు వేరు. కుప్పడం అనే ఈ నేతలో మూడు నాడెలు నడుస్తాయి, అంచు పేక ఒంటి పేకతో కొక్కెం పడుతుంది. ఆ కొక్కెం పడే చోటును వరుస వరుసకూ కొన్ని పడుగు (నిలువు) పోగులు లోపలికి జరుపుతూ పోయి, కొన దాకా వచ్చాక అదే లెక్కన వెనక్కి తెస్తే కోటకొమ్మ అనే త్రిభుజం తేలుతుంది. ఏటవాలు గీతలా కనిపించేదంతా దగ్గర్నుంచి చూస్తే సన్నటి మెట్లే. మెట్టు వెడల్పు మారిస్తే కొమ్మ వాడిగానో మొద్దుగానో వస్తుంది. గళ్ల కాగితం మీద టీచర్లతో రెండు మూడు కొమ్మలు గీయిస్తే వాలు అంటే ఏమిటో వేళ్లకు తెలుస్తుంది.

చీర పరిచి చూస్తే మరో సంగతి. రెండంచుల కొమ్మలూ ఒంటివైపే చూస్తాయి, కాబట్టి ఒక వరుస నిలువుగా, ఇంకో వరుస తలకిందులుగా ఉంటుంది. తలకిందులైన త్రిభుజాన్ని త్రిభుజం కాదనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. బోర్డు మీద మనమెప్పుడూ భూమి కింద, శీర్షం పైన పెట్టి గీసినందువల్ల వచ్చిన తంటా అది. డచ్ టీచర్లు పియర్ వాన్ హీలే, ఆయన భార్య డీనా 1957లో ఇదే చెప్పారు: మొదట ఆకారాన్ని మొత్తంగా చూసి పోలుస్తారు, లక్షణాలు లెక్కించడం ఆ తర్వాతి మెట్టు, మధ్య మెట్టు ఎగరేసి నిర్వచనం చెబితే బండపాఠమే మిగులుతుంది. నేనూ ఏళ్ల తరబడి ఆ మెట్టును ఎగరేసినవాడినే. మూడు భుజాలు, మూడు కోణాలు అని రాయించి, పిల్లలు అప్పజెబితే సంతోషపడ్డాను.

ఇదే చూపుతో పెట్టెల పాఠానికీ వెళ్లొచ్చు. ఆరు సమాన చతురస్రాలను అంచుకు అంచు కలిపితే 35 ఆకారాలొస్తాయి, మడిస్తే ఘనమయ్యేవి 11 మాత్రమే. ముందు మనసులో మడిచి, తర్వాతే కత్తెర పట్టాలి.

నల్గొండ, పాలమూరు టీచర్లకు ఒక విన్నపం. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఒక చెక్క ముక్క, ఎనిమిది మేకులు, పది మీటర్ల తెల్లదారం, ఒక స్కెచ్‌పెన్ తెచ్చుకోండి. దారం విప్పే ముందు జవాబు కాగితం మీద రాసిపెట్టుకోవడం మాత్రం మరిచిపోవద్దు.