కుచేలోపాఖ్యానమున విశ్వాసస్వరూపము

కష్టకాలమున భగవంతుని మహిమను నమ్మియుండవలెనని బోధించుటకుఁ బండితులును పామరులును దఱచుగా నుదాహరించు కథలలోఁ గుచేలోపాఖ్యాన మొకటి. పిడికెఁడటుకులకు బదులుగా నపారమైన సంపద లభించెననుటయే దీని సారమని పాఠశాలలలోఁ జెప్పుట వాడుక. ఈ తాత్పర్యము సులభమే కాని కథాసంవిధానమునకుఁ జాలదు. విశ్వాసము లాభమునకు మూల్యమే యైనచో భక్తి వర్తకమగును. వరములకై స్వామిని గొలుచువాఁడు సేవకుఁడు గాఁడనియు, వణిజుఁడే యనియు సప్తమస్కంధమునఁ బ్రహ్లాదుఁడు నిరసించియున్నాఁడు. ఒకే పురాణమున నిట్టి విరోధముండునా? లేక చదువరులే కథలోని ముఖ్యఘట్టమును దాఁటిపోవుచున్నారా? ఇది విచారణీయము.

సంస్కృతభాగవత దశమస్కంధమున 80, 81 అధ్యాయములలో నీ కథ యున్నది. అందుఁ గథానాయకునకుఁ బేరు లేదు. ఒకానొక బ్రాహ్మణుఁడని మాత్రమే కలదు. కుత్సితమైన వస్త్రము గలవాఁడను నర్థమునఁ 'గుచైల' శబ్దము విశేషణముగా వచ్చినది. తెలుఁగునఁ 'గుచేలుఁ'డనునది యాతనికి సంజ్ఞయే యైనది. చినిఁగిన బట్టయే పేరుగాఁ గలవాని కథ యిది.

15వ శతాబ్దమున దీనిని దెనిఁగించిన పోతన మూలమును బెంచిన తావులు రెండు ముఖ్యములు. మూలమున భార్య యాఁకటఁ గృశించినదనియు, భర్త కుటుంబి యనియుఁ జెప్పి ఋషి విరమించెను. ఆ కుటుంబిపదమున లీనమైయున్న యర్థమును బోతన కన్నులకుఁ గట్టించెను: ఆఁకొన్న బిడ్డలు ఆకుదొప్పలు చేతఁబట్టి తల్లిని గూడు వేఁడుచున్నారు. రెండవది ప్రయాణఘట్టము. కృష్ణదర్శన మెట్లు లభించునో యను చింత మాత్రమే మూలమునఁ గలదు. పోతన కుచేలుఁడో, ద్వారపాలకు లడ్డగించినచో వారికిఁ బరిదాన మీయుటకైనఁ దనకడ నేమియు లేదుగదా యని కలఁగును. పిదపఁ గృష్ణుని దయ తప్ప వేఱుగతి లేదని తెలిసి, యాతఁడు తన్నుపేక్షింపఁడని ధైర్యము దెచ్చుకొనును. పేదవానికి ధనము లేమియే గాక, ధనవంతుల వాకిటి భయమును గలదని యెఱిఁగిన కవి చేసిన కూర్పిది.

ఇట్లుండఁగా భర్త విరక్తుఁడనియు, భార్య ధనాశాపర యనియు వారిని విడఁదీయుట తగదు. తన పాదములను స్మరించువానికిఁ దన్నే యిచ్చుకొను స్వామి ధనమిచ్చుననుటలో వింత యేమి యని యామె వాదము. కైముతికన్యాయమునఁ జేసిన యీ వాదమును మూలకారుఁడును బోతనయు నామె నోటనే యుంచిరి. దేవుఁడిచ్చునని నమ్ముట యామె విశ్వాసము. అది తక్కువది గాదు. కాని కథ యంతటితో నాఁగలేదు.

ద్వారకలోఁ గృష్ణుఁడొక పిడికిలి యటుకులారగించి రెండవదానికిఁ జేయిసాఁపఁగా రుక్మిణి వారించెను. సంపద యప్పుడే యీయఁబడినదని శ్రోత యెఱుఁగును, కుచేలుఁ డెఱుఁగఁడు. అతఁ డడుగలేదు, చేతికేమియు రాలేదు. మఱునాఁడు రిక్తహస్తములతో మరలిపోవుచు, దరిద్రుఁడు సంపదచేఁ గన్నుగానక తన్ను మఱచునని తలఁచియే దయామయుఁడు ధనమీయలేదని భావించెను. ఈ తలంపు మూలమునను దెనుఁగునను గూడఁ గలదు. ఇంటికడ మేడలు గానఁబడుటకు ముందే దీనిని నిలుపుటయే కథాసంవిధానమునఁ బ్రాణము. ఈయకపోవుటయందును దయనే చూచుట కుచేలుని విశ్వాసము. దానికి మేడలు ఫలముగా వచ్చినవేమో కాని కారణములు గావు. కావున వణిజుఁడను నింద యీతని నంటదు; ప్రహ్లాదవాక్యముతో విరోధమును లేదు.

ఇది గతిలేనివాని మనస్సమాధానము మాత్రమే యని యాక్షేపింపవచ్చును. తరువాతికథయే దీనికి సమాధానము. ఊఱటకై కల్పించుకొన్న మాట యగునేని, సంపద వచ్చిన క్షణముననే యది మఱపునఁ బడవలసినది. అట్లు గాలేదు. ధనము మనుష్యు నంధునిఁ జేయునని త్రోవలోఁ దలఁచినవాఁడు మేడలోనుండియు నాసక్తి లేకయే భోగముల ననుభవించెను. జన్మజన్మమునను గృష్ణునితోడి చెలిమినే కోరెను. లేమియందుఁ బుట్టిన తలంపు కలిమియందును నిలిచినది గనుక నది యూఱట గాదు, సిద్ధాంతము.

దారిద్ర్యమును బుణ్యముగాఁ బొగడుటయు నీ కథ యుద్దేశము గాదు. బిడ్డల యాఁకలిని భగవంతుఁడు తీర్చియే విడిచెను. విశ్వాసము ప్రయత్నమును మాన్పించుననియు నిది చెప్పదు. భార్య యిరుగుపొరుగు విప్రులను యాచించి యటుకులు తెచ్చినది. భర్త కొంగున వానిని ముడిచికొని ద్వారకకు నడచినాఁడు. చేయవలసినది చేసి, ఫలము గానరానప్పుడు దేవుని నిందింపకుండుటయే యిట నేర్పఁబడిన ధర్మము. అటుకులనుండి మేడలకు నేరుగా దుముకు బోధనమున నీ ధర్మము జాఱిపోవును. కష్టకాలమున నీ కథను వినువారిలోఁ బెక్కురు మేడను జూచినవారు గారు; వట్టిచేతులతోఁ ద్రోవలో నడచుచున్నవారు. వారికిఁ జెప్పవలసినది యా మరలిపోవు త్రోవలోని కుచేలుని తలంపే.