నీటి ఎలుగు జన్యువులు నేర్పిన పాఠం

నేడు పెద్ద విశ్వవిద్యాలయాలు అనేకం సీక్వెన్సింగ్ పనికి ఉమ్మడి ప్రయోగశాలలను నడుపుతున్నవి. ఆ యంత్రాలు మిక్కిలి ఖరీదైనవి; ప్రతి శాఖా వాటిని కొనజాలదు. అందుచేత పరిశోధకుడు డి.ఎన్.ఏ. నమూనాను అక్కడికి పంపి, రుసుము చెల్లించి, దానిలోని అక్షరక్రమాన్ని కంప్యూటరు ఫైళ్లుగా పొందుతాడు. ఏర్పాటు మెచ్చదగినదే. కాని యంత్రం చదివి పెడుతుందే గాని, చదివినది ఎవరి డి.ఎన్.ఏ.యో చెప్పదు. అది తేల్చవలసినది బయోఇన్ఫర్మాటిక్స్. ఈ భేదం ఎంత ముఖ్యమైనదో 2015 నాటి ఒక వివాదం తెలుపుతుంది.

టార్డిగ్రేడ్, అనగా నీటి ఎలుగు, అర మిల్లీమీటరు పొడవుండే ఎనిమిది కాళ్ల జీవి. 2015 నవంబరులో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ బృందం ఒక జాతి నీటి ఎలుగు జీనోమును ప్రకటించింది. దాని జన్యువులలో 17.5 శాతం, అంటే సుమారు 6,600, బాక్టీరియా మొదలైన ఇతర జీవులనుండి వచ్చి చేరినవని పేర్కొన్నది. ఇంతటి అరువు ఏ జంతువులోనూ అంతకుముందు కనబడలేదు.

వారం గడిచేసరికి, అదే జాతిపై విడిగా పనిచేస్తున్న ఎడింబరో విశ్వవిద్యాలయ బృందం ఆక్షేపణ తెలిపింది. ఇంత చిన్న జీవులను వేలకొలదిగా కూర్చితేగాని నమూనా చాలదు. వాటిని ఎంత కడిగినా బాక్టీరియా పూర్తిగా పోదు. కల్లంలో వడ్లతో మట్టిబెడ్డలు కలిసినట్లు, బాక్టీరియా డి.ఎన్.ఏ. కూడ నమూనాలో కలుస్తుంది. మరి వేరుచేయడమెట్లు? యంత్రం ప్రతి భాగాన్నీ పలుమార్లు చదువుతుంది. ఒకే జీవి డి.ఎన్.ఏ. భాగాలన్నీ దాదాపు సమానమైన పర్యాయాలు వస్తాయి; కల్తీ భాగాల లెక్క వేరుగా ఉంటుంది. జి, సి అక్షరాల పాలు కూడ తేడాగా ఉంటుంది. ఈ విధంగా తూర్పారబట్టగా ఎడింబరో వారికి మిగిలినది సుమారు 13.5 కోట్ల అక్షరాలు. నార్త్ కరోలినా వారి జీనోము 21 కోట్లు. అరువు జన్యువులు బహు కొద్ది. 2016లో జపాను పరిశోధకులు ఒక్క జీవినే శుభ్రపరచి, దాని డి.ఎన్.ఏ. చదివి, ఎడింబరో వారి నిర్ణయాన్నే బలపరచారు.

మొదటి బృందం కల్తీ సంగతి తలపోయలేదనుట న్యాయం కాదు. వారు కొన్ని జన్యువుల అతుకులను పి.సి.ఆర్. పద్ధతిన పరీక్షించారు. కాని కొన్నిటికి కుదిరిన రుజువు వేలకు చెల్లదు. లోపం అక్కడ ఉన్నది. అయితే వారు తమ మూల దత్తాంశాలను దాచక ఇతరులకు అందుబాటులో ఉంచారు. తప్పు అంత త్వరగా బయటపడుటకు అదే కారణం. ఇది వారి గొప్ప గుణం.

కనుక ఉమ్మడి ప్రయోగశాల ఫైలుతోపాటు ఏ భాగం ఎన్నిసార్లు చదవబడినదో, జి, సి పాలు ఎంతో తెలిపే పట్టికను కూడ ఇవ్వడం మంచిది. పరిశోధకుడు దానిని చూడకుండ ముందుకు పోరాదు. పరీక్షనాళికలో రంగు మారగానే ఫలితం రాసే విద్యార్థికీ ఇదే హెచ్చరిక: నాళికను ముందు శుభ్రంగా కడిగితిమా?