పది లక్షల్లో ఒక్కటి: పాఠం చెప్పేదీ, పొర చూపేదీ

పుంగనూరులో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి అర్ధవాహకం ఎక్కడ కనిపిస్తుంది? పాఠ్యపుస్తకంలో, సిలికాన్ పరమాణువులు బారులు తీరి నిలుచున్న బొమ్మలో. తన ఫోను అద్దం అడుగున పారదర్శకమైన అర్ధవాహకపు పొర ఒకటి ఉన్నదనీ, వేలి స్పర్శను గుర్తించేది అదేననీ ఆ బొమ్మ చూచినవానికి తోచదు. మాదీకరణాన్ని గురించిన మన పాఠాలలో ఉన్న లోపం ఇక్కడే ఆరంభమవుతున్నది.

పాఠంలోని లెక్క చక్కనిదే. ఒక ఘనసెంటీమీటరు సిలికాన్‌లో 5×10²² పరమాణువులు ఉంటాయి. గది ఉష్ణోగ్రత వద్ద స్వచ్ఛమైన సిలికాన్‌లో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు సుమారు 1.5×10¹⁰ మాత్రమే. పది లక్షల పరమాణువులకు ఒక్క ఆర్సెనిక్ పరమాణువును చేర్చితే ఎలక్ట్రాన్లు 5×10¹⁶ అవుతాయి, అంటే ముప్ఫై లక్షల రెట్లకు పైగా! విద్యార్థి ఆశ్చర్యపడటం న్యాయమే. కాని ఈ లెక్క వెనుక ఒక షరతు దాగి ఉన్నది. పదార్థమంతా ఒకే స్ఫటికమై, చేర్చిన ప్రతి పరమాణువూ తన ఎలక్ట్రానును ఆటంకం లేకుండా అప్పగించాలి. పాఠం ఈ షరతును పైకి చెప్పదు. చెప్పకపోవటంవల్ల "మాలిన్యం పెరిగినకొద్దీ వాహకత పెరుగును" అనే వాక్యం సార్వత్రిక సూత్రమై పరీక్ష కాగితాల్లో కూర్చున్నది.

పాలలో తోడు వేసినట్లని కొందరు పోలిక చెప్పటం కద్దు. ఇది పొరపాటు పోలిక. తోడు తనంతట తాను వృద్ధి చెందుతుంది. ఆర్సెనిక్ పరమాణువు ఒక్క ఎలక్ట్రానుకు మించి ఇవ్వదు.

ఇక గాజుమీద పరచిన పలుచని సిలికాన్ పొరను చూద్దాము. అది ఒక్క స్ఫటికం కాదు, లెక్కలేనన్ని చిన్న రేణువుల గుంపు. రేణువుకూ రేణువుకూ నడుమ గోడవంటి సరిహద్దు ఉంటుంది. అక్కడ బంధాలు పూర్తికాని పరమాణువులు విద్యుద్వాహకాలను పట్టి నిలిపివేసే బోనులవలె పనిచేస్తాయి. బోరాన్ కలిపిన ఇటువంటి పొరలను పరిశీలించిన జాన్ సెటో 1975లో ప్రకటించిన కొలతల ప్రకారం గోడమీద చదరపు సెంటీమీటరుకు సుమారు 3.3×10¹² బోనులు ఉన్నవి. రేణువుల పరిమాణం సుమారు 20 నానోమీటర్లు. ఇప్పుడు మన పాఠపు లెక్కనే ఈ రేణువుకు వర్తింపజేద్దాము. 20 నానోమీటర్ల భుజం గల ఘనంలో పది లక్షలకు ఒక్కటి చొప్పున ఎన్ని బోరాన్ పరమాణువులు ఉంటాయి? 0.4! అంటే అయిదు రేణువులకు రెండు. మరి ఒక్క పక్క గోడను మాత్రమే లెక్కించినా బోనులు 13. బోరాన్ ఇచ్చిన రంధ్రాలు ఆ బోనుల్లో పడిపోక ఎక్కడికి పోతాయి? అంతేకాదు, అలా చిక్కుకొన్న ఆవేశం మిగిలిన రంధ్రాలకు అడ్డుగట్టు అవుతుంది. అందుచేత బోరాన్‌ను పెంచినకొద్దీ రంధ్రాల చలనశీలత మొదట పడిపోయి, ఘనసెంటీమీటరుకు 10¹⁸ ప్రాంతంలో అట్టడుగుకు చేరి, బోనులు నిండిన పిదపనే తిరిగి లేచింది. పాఠంలోని సూత్రం ఈ పొరముందు నిలువలేదు.

ఫోను అద్దపు పొర దీనికి మరొక వైపు. అది తగరం కలిపిన ఇండియం ఆక్సైడ్. తూకంలో సాధారణంగా తొంభై పాళ్లు ఇండియం ఆక్సైడ్, పది పాళ్లు తగరపు ఆక్సైడ్. పది లక్షల్లో ఒక్కటి అన్న మాట ఇక్కడ ఎక్కడున్నది? ఇండియం స్థానంలో కూర్చున్న తగరపు పరమాణువు ఒక ఎలక్ట్రానును విడిచిపెడుతుంది. కాని తగరం మితిమీరితే, అదనపు తగరం ఆక్సిజన్‌తో జతకట్టి ఎలక్ట్రాన్లు ఇవ్వటం మానుకొంటుంది. ఉన్న ఎలక్ట్రాన్ల దారికి అడ్డం కూడ వస్తుంది.

ఇంత దూరమెందుకు, తిరుపతికి పోదాము. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో కె. టి. రామకృష్ణారెడ్డి బృందం వేడి గాజు పలకపై ద్రావణాన్ని పిచికారీ చేసి టిన్ సల్ఫైడ్ పొరలను తయారుచేసింది. టిన్ సల్ఫైడ్ ఏ పదార్థమూ కలపకుండానే పి-రకంగా ప్రవర్తిస్తుంది. కారణం, తగరం ఉండవలసిన కొన్ని చోట్లు ఖాళీగా ఉండటం. ఆ ఖాళీలే గ్రాహకాలు! "బయటి పదార్థం చేరనిది స్వభావజ అర్ధవాహకం" అని నేర్చిన విద్యార్థి దీనికి ఏమి సమాధానం చెబుతాడు?

మాటలు కూడ కొంత చెరుపు చేస్తున్నవి. మాలిన్యమంటే మనకు కడిగివేయవలసిన మురికి. మాదీకరణమంటే మత్తెక్కించటం. కొలిచి, ఏరి, చోటు చూచి చేర్చే పరమాణువుకు ఈ రెండూ తగవు. పేరు ఇప్పట్లో మారదేమో. కనీసం ఆ పేరు విన్న రోజుననే ఉపాధ్యాయుడు ఈ సంగతి చెప్పవచ్చును.

పాఠంలోని ఉదాహరణ లెక్క కింద 20 నానోమీటర్ల రేణువు లెక్కను మరొక ప్రశ్నగా చేర్చితే పుస్తకానికి అరపేజీకి మించి పెరగదు. ప్రయోగానికి ఖర్చూ లేదు. పాడైన కాల్క్యులేటరు తెరను ఊడదీసి, గాజు అంచున మెట్టువలె బయటికి వచ్చిన భాగాన్ని ఏటవాలు వెలుతురులో చూస్తే లేత చారలు కనబడతాయి. ఒకే చారమీద మల్టీమీటరు మొనలు రెండూ ఆనించితే ముల్లు కదులుతుంది. పక్కనున్న వట్టి గాజుమీద ఆనించితే కదలదు.