ఉన్నత వేదాంత విద్య – గూడెములో ఒక ప్రశ్న

ప్రియ చదువరీ, మీ సంఘములోని ఒక పడుచువాడు బి.డి. చదువుటకు పోవుదునని చెప్పినప్పుడు పెద్దల కూటములో ఏమి జరుగునో మీకు తెలియును. ఒకరు లేచి, పేతురు యోహానులు విద్యలేనివారు కారా, వారు ఏ కళాశాలలో చదివిరి అని అడుగుదురు. మరియొకరు లేచి, పౌలు గమలియేలు పాదములయొద్ద నేర్చుకొనలేదా అందురు. కోశాధికారి మాత్రము ఏమియు అనడు. నాలుగైదేండ్లకు ఎంత అగునో కాగితముమీద లెక్క వేయుచుండును. బూర్గంపాడులో మా చిన్న సంఘమునందును ఇట్లే జరిగినది. ఆనాడు నేను మొదటి పక్షమున గట్టిగా మాటలాడితినని ఒప్పుకొనవలెను. తరువాత నా మనస్సు మారినది. అయితే రెండవ పక్షమువారు సంతోషించునట్లు మారలేదు. ఆ సంగతినే మీతో చెప్పగోరుచున్నాను.

మా ఊరు గోదావరికి కుడిగట్టున, కిన్నెరసాని వచ్చి కలియు తావునకు దగ్గరగా ఉన్నది. ఎదుటి గట్టున భద్రాచలము, దానికి ఎగువను దుమ్ముగూడెము. ఒకప్పుడు ఈ గట్టు నైజాము రాజ్యము, ఆ గట్టు ఇంగ్లీషువారి ఏలుబడి. 1965లో భద్రాచలమువద్ద వంతెన తెరువబడువరకు పడవలే గతి. 2014లో మా మండలపు గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినవి, బూర్గంపాడు తెలంగాణలో నిలిచినది. గీతలు ఇన్ని మారులు మారినను గూడెములలో మారనిది ఒకటి ఉన్నది: సంతలోను బడిలోను తెలుగు, ఇంటిలో కోయ మాట. ఈ రెండు మాటల నడుమ నిలిచి సువార్త చెప్పువానికి ఎంత చదువు కావలెను? కొంచెము చాలునని మనము చాలకాలముగా అనుకొనుచున్నాము.

మన దేశములో వేదాంత పట్టాల చరిత్ర తెలియని విషయము కాదు. కేరీ, మార్ష్‌మన్, వార్డుగార్లు 1818లో శ్రీరాంపూరు కళాశాల స్థాపించిరి. 1827లో డెన్మార్కు రాజు పట్టా లిచ్చు అధికారము దానికి వ్రాసి యిచ్చెను. అయినను మొదటి బి.డి. పట్టాలు 1915లో గాని ఇయ్యబడలేదు. మన తెలుగు సంఘములు కొన్ని తమ సెమినరీలను ఒకటిగా చేర్చి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను నెలకొల్పెను. 1973లో అది హైదరాబాదు చేరినది. లోకమంతట ఇదే కాలమున ఇటువంటి ఊపు కనబడినది. 1945లో రాన్సన్‌గారు భారతదేశమందలి క్రైస్తవ పరిచారకుని పిలుపును తర్ఫీదును గూర్చి గ్రంథము వ్రాసిరి. 1958లో నాలుగు మిలియను డాలర్లతో వేదాంత విద్యా నిధి ఏర్పడినప్పుడు వారే దానికి మొదటి డైరెక్టరైరి. కట్టడములు లేచినవి, గ్రంథాలయములు నిండినవి. ఇవి మంచి పనులే. నా విమర్శ వీటిమీద కాదు.

ఇక మా చిన్నవాని సంగతి. నా మాట చెల్లలేదు, అతడు పోయెను. మూడవ యేట వేసవి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తునికాకు కోత నడచుచుండెను. ఒక సాయంకాలము, కట్టలు కల్లములో అప్పగించి జనులు తిరిగి వచ్చిన తరువాత, ఏటికి ఈవలనున్న ఒక కోయ గూడెములో ప్రసంగించుటకు అతనిని తీసికొనిపోతిమి. క్రీస్తు ఎందుకు చనిపోయెను అనునది అతని అంశము. ఆ యేడే దీనిమీద వ్యాసము వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నాడట. మానవుడు దేవుని మర్యాదకు భంగము చేసెను, ఆ బాకీ తీర్చుట మానవుని బాధ్యత, తీర్చు శక్తి దేవునికే ఉన్నది, కాబట్టి దేవుడే మానవుడై తీర్చెను – ఇట్లు మెట్టుమెట్టుగా, ఎక్కడను తడబడక చెప్పెను. నాకు గర్వముగా నుండెను. అప్పుడు వెనుక కూర్చున్న ఒక కోయ ముసలాయన అడిగెను:

"మా గూడెంల గూడ తప్పు కట్టిస్తరు బాబూ. పెద్దలు కూసోని ఇంతని ఏస్తరు. కట్టినంక ఆ పైసలతోటి అందరం కలిసి తింటం. తప్పు జేసినోడు గూడ బంతిల కూసుంటడు. అప్పుడే తప్పు తీరినట్టు. మీ దేవుడు కట్టిండంటివి, బాగనే ఉంది. బంతి ఎక్కడ పెట్టిండు?"

"రేపు చెప్త తాతా" అని చిన్నవాడు అనెను. దారిలో ఒక్క మాటయు పలుకలేదు.

చదువరీ, ఇక్కడ కొంచెము ఆగవలెను. చిన్నవాడు చెప్పిన ఆ క్రమము బైబిలులో ఆ రూపమున ఎక్కడను లేదు. అది కాంటర్బరీ ప్రధాన బిషప్పు అన్సెల్ము 1098లో ముగించిన గ్రంథములోనిది. ఆయన కాలమున ఐరోపాలో దొరకు బంటుకు ఉండు సంబంధమే న్యాయమునకు కొలత. దొర మర్యాద చెడినయెడల దానికి తగిన పరిహారము దొరకే చెల్లవలెను. చెల్లిన తరువాత ఎవరి యింటికి వారు పోవుదురు. గూడెములో అట్లు కాదు. తప్పు ఊరిమీద పడిన మచ్చ. సొమ్ము చేతులు మారినంతమాత్రమున అది పోదు. వెలివేసిన వానిని మరల పంక్తిలో కూర్చుండబెట్టినప్పుడే పోవును. అన్సెల్ము తన ఊరి న్యాయముతో సిలువను వివరించెను. అది ఆయన తప్పు కాదు, ఆయన పరిచర్య. ముసలాయనయు తన ఊరి న్యాయముతో సిలువను అడిగెను.

ఇప్పుడు నా పాత పక్షమువారికి ఒక మాట. ఆరు నెలల తర్ఫీదుతో గూడెములకు పోవు మన సువార్తికులు ఏమి బోధించుచున్నారో గమనించితిరా? అప్పు, చెల్లింపు, రసీదు. అన్సెల్ము పేరు వినకయే అన్సెల్మునే ప్రకటించుచున్నారు. మిషనరీ దొరలయొద్ద వారి గురువులు నేర్చిరి, గురువులయొద్ద వీరు నేర్చిరి. అది వేదవాక్యమేయని వీరి నమ్మకము గనుక, ముసలాయన ప్రశ్న వీరికి ఎదురు ప్రశ్నగానే వినబడును. బహుశా నవ్వి ఊరకుందురు, లేక ఆ విందులోని కల్లును గూర్చి మరియొక ప్రసంగము చేయుదురు. వాక్యమేదియో, వాక్యమునకు ఒక కాలపువారు తొడిగిన అంగీ యేదియో వేరుచేసి చూచు కన్ను ఊరకనే రాదు. గ్రీకు, సంఘ చరిత్ర, సిద్ధాంతముల పుట్టుక – వీటిని ఓపికతో చదివినవానికే వచ్చును. అడవికి తక్కువ చదువు చాలునన్న నా మాట ఇక్కడనే పడిపోయినది. పట్టణములో వినువారికి అంగీతో సహా వాక్యము అలవాటైనది. కొత్త కొలతలు తీసి కుట్టవలసిన పని గూడెములో ఉన్నది. దానికి మనము కత్తెర పట్టనేరని వానిని పంపుచున్నాము.

రెండవ పక్షమువారు తొందరపడి సంతోషింపవద్దు. మా చిన్నవాడు అన్సెల్మును చదివెను, అబెలార్డును చదివెను, 1930లో స్వీడనువాడైన ఔలేను ఉప్సలలో చేసిన ఉపన్యాసములను గూర్చియు చదివెను. ముగ్గురిని పోల్చి వ్రాయుమన్నారు, వ్రాసెను. అక్కడ పరీక్ష ముగిసినది. క్రీస్తు దుష్టశక్తులను జయించెనని ఔలేను చూపిన త్రోవ, చేతబడికి భయపడి రాత్రివేళ తలుపు తీయని ఇండ్లలో ఎంత ఆదరణయో అతనికి ఎవరును చెప్పలేదు, అతనిని ఎవరును అడుగలేదు. విన్నవాని మాటలోనికి తెచ్చుట అనునది ప్రసంగశాస్త్రమనియు, ఆచరణ విభాగమనియు పేరుపెట్టి, అసలు వేదాంతమునకు తోకవలె కట్టుచున్నారు. నా విమర్శ ఇదే. ఆ చివరి మెట్టు తోక కాదు. ముసలాయనకు జవాబు చెప్పబోయినప్పుడే అన్సెల్ము ఎంతవరకు నిజము చెప్పెనో తేలును.

భాషల అంతరువులు చూడుడి. దేశభాషలో చదివినది క్రింది తరగతి, ఇంగ్లీషులో చదివినది పై తరగతి అను వాడుక మన వేదాంత విద్యలో చాలకాలము నడచినది. నేను ముందు చెప్పిన నిధివారే 1972లో, సువార్త ఆయా జనుల సందర్భములో వేరు తన్నవలెనను మాటను లోకమున ప్రచారము చేసిరి. మంచి మాటయే. కాని నేడు ఆ సందర్భమును గూర్చియు ఇంగ్లీషులోనే వ్యాసములు వ్రాసికొని, ఒకరివి ఒకరు దిద్దుకొనుచున్నాము. సందర్భములో ఉన్నవానికి మాత్రము అవి అందవు. మన శాస్త్రమునకు పెట్టుకొన్న పేరే చూడుడి: వేదాంతము. ఆవలిగట్టున గుడిమెట్లమీద కూర్చున్నవాడు ఆ మాట విని ఉపనిషత్తుల నెంచును; సంతలోనివాడు, పని తోచనివాని మాటలని నవ్వును. ఈ రెంటికిని మనము ఏమి జవాబు చెప్పుదుమో ఒక పరిశోధన వ్యాసమునకు చాలినంత విషయమే.

ఈ చివరి మెట్టు ఎక్కినవారు లేకపోలేదు. మా నదిగట్టుననే ఉండిరి. కాటన్‌గారి పైగోదావరి పనులమీద వచ్చిన హేగ్ అను ఇంజనీరు దొర, వారి శాఖలో ఉద్యోగియైన వెంకటరామరాజుగారు, 1860 తరువాత దుమ్ముగూడెములో కోయలమధ్య పని మొదలుపెట్టిరి. వారి వెనుక వచ్చిన జాన్ కెయిన్ పాదిరిగారు కోయ మాట నేర్చి, వారి కట్టుబాట్లు, కులములు, పండుగలు అడిగి వ్రాసికొని, 1876 మొదలుకొని ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రకటించిరి. 1909లో థర్‌స్టన్‌గారు దక్షిణదేశపు కులములను గూర్చిన గ్రంథములలో కోయల సంగతి చెప్పునప్పుడు కెయిన్‌గారినే ఆధారము చేసికొనిరి. పండితులు అడవికి రాకముందే అడవినుండి పాండిత్యము బయలుదేరినది. కెయిన్‌గారి వ్రాతలలో దొరతనపు చూపు లేదని నేననను, ఉన్నది. అయితే తప్పు ఎట్లు కట్టుదురో ముందు కూర్చుండి విన్నారు.

డోర్నకల్ బిషప్ అజరయ్యగారిని రెండు పక్షములవారును సాక్షిగా పిలుచుచుందురు. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వ్యాధిచేత చివరి పరీక్షకు కూర్చుండక, పట్టా లేకయే వచ్చెను. 1912లో ఆంగ్లికను సంఘపు మొదటి భారతీయ బిషప్పాయెను. 1920లో కేంబ్రిడ్జివారు గౌరవ పట్టా యిచ్చిరి. చూచితిరా, పట్టా అక్కరలేదు అని ఒకరు. చూచితిరా, కేంబ్రిడ్జి అని ఒకరు. ఇద్దరును విడిచిపెట్టు సంగతి ఒకటున్నది. తిరునెల్వేలి తమిళుడైన ఆయన తెలుగు నేర్చి, డోర్నకల్‌లో గ్రామ బోధకులకు తెలుగులోనే పాఠము చెప్పించెను, వారి భార్యలకును నేర్పించెను. పాఠము ఎవరి నోట ముగియవలెనో ఆయనకు తెలియును.

పట్టా స్థాయి చదువు మన మాటలోనికి తిరిగి రాగలదనుటకు అచ్చయిన సాక్ష్యము కూడ ఉన్నది. 1983లో ఆర్. ఆర్. సుందరరావుగారి గ్రంథము వెలువడినది. మన తెలుగు కీర్తనల పుస్తకములోని భక్తి వేదాంతము దాని విషయము. బండిలో, పొలములో, సమాధులయొద్ద మనము పాడుకొను కీర్తనలే పరిశోధనకు తగిన వేదాంతమని గుర్తించిన పని అది. ఆ గ్రంథము ఇంగ్లీషులోనే ఉన్నది. ఆ కీర్తనలు పాడువారు దానిని చదువలేరు. మెచ్చుకొనుచునే ఈ కొరత చెప్పవలసియున్నది.

మరునాటి సంగతి చెప్పి ముగింతును. చిన్నవాడు ఒంటరిగా గూడెమునకు పోవుదుననెను గాని నేను విడువక వెంట పోతిని. ఈసారి మెట్లు లేవు. తప్పిపోయిన కుమారుని కథ, సగము తెలుగులోను సగము తనకు వచ్చిన కోయలోను చెప్పెను. కోయ తప్పినచోట పిల్లలు దిద్దుచుండిరి. తండ్రి పరుగెత్తి పోయిన చోట ముసలాయన తల యెత్తెను. క్రొవ్విన దూడను కోసి విందు చేసిరనగానే, "అగో, బంతి" అనెను. ప్రభువు తన చివరి రాత్రి పెట్టిన రొట్టెను గూర్చియు, తన్ను అప్పగించువాడును ఆ పంక్తిలో నుండుటను గూర్చియు చిన్నవాడు చెప్పెను. ముసలాయన చాలసేపు ఊరకుండి, బయట నిలిచిన పెద్దకుమారుని మాట యెత్తెను.

"ఆ పెద్దోడు బంతిల కూసున్నడా, లేదా?"

"రాయలేదు తాతా."

"అట్లయితే తప్పు ఇంక తీరలే."

చిన్నవాడు దానిని కోయ మాటలలోనే తన నోటుపుస్తకములో వ్రాసికొనెను. బి.డి. వ్యాసమునకు తప్పు, బంతి అను రెండు మాటలనే అంశముగా పెట్టుకొందుననియు, ముసలాయన పలుకులను కోయలోనే తెలుగు లిపితో చేర్చనిమ్మనియు తన గురువుగారికి ఉత్తరము వ్రాసినాడు. జవాబు ఇంకను రాలేదు. ఆ పైన ఎం.టి.హెచ్. చదువుటకు సొమ్ము విషయము వచ్చే నెల మా కూటములో వచ్చును. ఇయ్యవలెననియు, ప్రతి సెలవులోను ఒక నెల గూడెములో ఉండవలెనను షరతుతో ఇయ్యవలెననియు నేను చెప్పబోవుచున్నాను. కోశాధికారి అప్పుడే కాగితము తీసినాడు.